బిళ్ళ చిన్నదైతే భయం లేనట్టేనా?
కణితుల స్కానింగులో నానో రేణువుల పాత్ర



క్యాన్సర్ అని నిర్ధారణ అయిన తరువాత కుటుంబ సభ్యులు మమ్మల్ని ఎన్నో ప్రశ్నలు అడుగుతారు. ఖర్చు ఎంత అవుతుంది, ఎన్నాళ్ళు పడుతుంది, జుట్టు రాలిపోతుందా అని అడుగుతారు. వీటన్నిటికంటే ముందు, రోగికి వినబడకుండా గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఒకటుంది. "డాక్టరు గారూ, ఇది అక్కడితో ఆగిందా, ఇంకెక్కడికైనా పాకిందా?"

చికిత్స మొత్తం ఈ ప్రశ్నకు దొరికే జవాబు మీద ఆధారపడి ఉంటుంది. వ్యాధి ఒక్కచోటే ఉంటే ఆపరేషనుతో గాని, రేడియేషనుతో గాని దానిని పూర్తిగా తొలగించడానికి ప్రయత్నించవచ్చు. పాకి ఉంటే చికిత్స పద్ధతే మారుతుంది. పాకిన సంగతి తెలియకపోతే రోగి పెద్ద ఆపరేషను చేయించుకుని, ఇంట్లోవారు ఉన్న కాస్త పొలం అమ్ముకుని, కొద్ది నెలలకే మళ్ళీ ఆసుపత్రి మెట్లు ఎక్కవలసి రావచ్చు. పాకకపోయినా పాకిందని పొరబడితే, నయమయ్యే అవకాశమే చేజారిపోవచ్చు.

ఈ జవాబును మరింత కచ్చితంగా చెప్పడానికి శాస్త్రవేత్తలు కొన్నేళ్ళుగా నానో రేణువులను వాడి చూస్తున్నారు. "నానో" అనే మాట ఇప్పుడు పత్రికల్లోనూ, మందుల ప్రకటనల్లోనూ తరచుగా కనబడుతోంది. అందులో నిజమెంత, ఇంతవరకు రుజువైనది ఏమిటి, మన రోగులకు అందుబాటులో ఉన్నది ఏమిటి అనే విషయాలను ఈ సంచికలో వివరిస్తున్నాము.

క్యాన్సర్ ఎలా పాకుతుంది?

మన శరీరంలో రక్తనాళాలతో పాటు సన్నటి మరో నాళాల వల ఉంది. వీటిలో లింఫు అనే పలుచని ద్రవం ప్రవహిస్తుంది. ఈ దారిలో అక్కడక్కడ చిక్కుడు గింజ ఆకారంలో చిన్న చిన్న గ్రంథులు ఉంటాయి. వీటిని లింఫు గ్రంథులు అంటారు. కాలికి పుండు అయినప్పుడు "గజ్జల్లో బిళ్ళ కట్టింది" అని మనవాళ్ళు అంటారే, ఆ బిళ్ళ ఈ గ్రంథే. మెడలో, చంకల్లో, గజ్జల్లో, పొట్ట లోపల, ఛాతీ లోపల ఇవి వందల సంఖ్యలో ఉంటాయి.

పొలం కాలువకు అడ్డంగా పెట్టిన జల్లెడలో చెత్త ఆగినట్టు, లింఫులో వచ్చే సూక్ష్మక్రిములు, చనిపోయిన కణాలు ఈ గ్రంథుల్లో ఆగుతాయి. అక్కడ కాపలా ఉండే ఒక రకం రక్షణ కణాలు వాటిని మింగి శుభ్రం చేస్తాయి. ఈ కణాలను భక్షక కణాలు అంటారు. ఊరి వీధులు ఊడ్చే పారిశుధ్య పనివారి వంటివి ఇవి. వీటి గురించి గుర్తుంచుకోండి. మన కథలో ముఖ్యపాత్ర వీటిదే.

కణితి నుంచి విడిపోయిన క్యాన్సర్ కణాలు చాలాసార్లు ముందుగా ఈ గ్రంథులకే చేరుతాయి. రొమ్ము క్యాన్సర్ అయితే చంకలోని బిళ్ళలకు, నోటి క్యాన్సర్ అయితే మెడలోని బిళ్ళలకు, పురుషులలో వచ్చే ప్రోస్టేట్ క్యాన్సర్ అయితే పొత్తికడుపు లోపలి బిళ్ళలకు పాకుతుంది. అందువల్ల "పాకిందా?" అన్న ప్రశ్నకు జవాబు వెతకాలంటే ముందుగా బిళ్ళల వైపు చూడాలి.

మామూలు స్కాన్‌లో ఉన్న చిక్కు

సి.టి. స్కాన్, ఎం.ఆర్.ఐ. స్కాన్ బిళ్ళలను చక్కగా చూపిస్తాయి. అయితే అవి ప్రధానంగా చూపేది పరిమాణాన్ని. పొత్తికడుపులోని బిళ్ళ అడ్డంగా కొలిచినప్పుడు 8 నుంచి 10 మిల్లీమీటర్లకు మించితే అనుమానించాలి, అంతకంటే చిన్నదైతే మామూలుదే అనుకోవాలి అనేది చాలాకాలంగా వాడుకలో ఉన్న కొలత.

ఈ కొలత రెండు వైపులా తప్పుతుంది. క్యాన్సర్ కణాలు బిళ్ళలోకి చేరిన వెంటనే అది ఉబ్బిపోదు. 5 మిల్లీమీటర్ల బిళ్ళలో కూడా వ్యాధి ఉండవచ్చు. అటువంటప్పుడు స్కాన్ రిపోర్టులో "అనుమానించదగిన బిళ్ళలు లేవు" అని వస్తుంది. మరోవైపు, ఉబ్బిన ప్రతి బిళ్ళా క్యాన్సర్ కాదు. పిప్పి పన్ను, గొంతు నొప్పి, కాలి పుండు వంటి వాటివల్ల కూడా బిళ్ళలు పెరుగుతాయి. మన ప్రాంతంలో క్షయవ్యాధి ఇంకా ఎక్కువగానే ఉంది. మెడలో వరుసగా బిళ్ళలు కట్టే క్షయను పాతకాలంలో గండమాల అనేవారు. ఇది పూర్తిగా మందులతో నయమయ్యే జబ్బు. స్కాన్‌లో బిళ్ళ పెద్దదిగా ఉందని చూసి దానిని క్యాన్సర్‌గా తీర్మానిస్తే ఎంత నష్టమో మీరే ఊహించవచ్చు.

కాబట్టి కావలసింది బిళ్ళ ఎంత పెద్దదో చెప్పే స్కాన్ మాత్రమే కాదు, దాని లోపల ఏముందో చెప్పే స్కాన్ కూడా. నానో రేణువుల అవసరం ఇక్కడే వచ్చింది.

నానో అంటే ఎంత?

ఒక మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. మన తల వెంట్రుక మందం సుమారు 80,000 నుంచి 1,00,000 నానోమీటర్లు. రక్తంలోని ఎర్రకణం వెడల్పు సుమారు 7,000 నానోమీటర్లు. నానో రేణువులు అని మనం చెప్పుకునేవి సాధారణంగా 1 నుంచి 100 నానోమీటర్ల మధ్య ఉంటాయి. 30 నానోమీటర్ల రేణువులను పక్కపక్కన పేర్చుకుంటూ పోతే ఒక్క ఎర్రకణం వెడల్పులో రెండు వందలకు పైగా పడతాయి.

ఈ పరిమాణం వల్ల ఒక ప్రయోజనం ఉంది. మామూలు స్కాన్‌లో ఇచ్చే రంగు మందు చాలా చిన్న అణువులతో తయారవుతుంది. అది రక్తంలో తిరిగి, మూత్రపిండాలు బాగా పనిచేసేవారిలో ఒక రోజులోపే చాలావరకు మూత్రంలో పోతుంది. నానో రేణువులు అంతకంటే పెద్దవి గనుక త్వరగా వడగట్టుకుపోవు. రక్తకణాలకంటే బాగా చిన్నవి గనుక నాళాల గోడల సందుల్లోంచి నెమ్మదిగా బయటికి జారి, లింఫులో కలిసి, బిళ్ళల దాకా ప్రయాణించగలవు.

ఇనుప రేణువులు బిళ్ళలో ఏమి చేస్తాయి?

ఎం.ఆర్.ఐ. యంత్రం ఒక పెద్ద అయస్కాంతం. మన శరీరంలో నీరు, కొవ్వు ఎక్కువ. వాటిలోని హైడ్రోజన్ పరమాణువులు ఆ అయస్కాంతానికీ, రేడియో తరంగాలకూ స్పందించి సంకేతాలు పంపుతాయి. వాటిని కంప్యూటరు బొమ్మగా మారుస్తుంది. ఈ పద్ధతిని రూపొందించినందుకు పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్ అనే శాస్త్రవేత్తలకు 2003లో నోబెల్ బహుమతి లభించింది. ఇందులో ఎక్స్‌రే కిరణాలు ఉండవు.

ఐరన్ ఆక్సైడ్ రేణువులు ఉన్నచోట అయస్కాంత క్షేత్రం కొద్దిగా చెదురుతుంది. అందుచేత బొమ్మలో ఆ చోటు నల్లగా కనబడుతుంది. పరిశోధకులు ఈ గుణాన్నే ఉపయోగించుకున్నారు.

చక్కెర వంటి పదార్థంతో పూత పూసిన ఇనుప రేణువులను సెలైనుతో కలిపి నరం ద్వారా నెమ్మదిగా ఎక్కిస్తారు. ఆ రోజుకు రోగి ఇంటికి వెళ్ళిపోవచ్చు. సుమారు 24 గంటల తరువాత మళ్ళీ ఎం.ఆర్.ఐ. తీస్తారు. ఈ లోపల రేణువులు బిళ్ళలకు చేరుకుంటాయి. ఆరోగ్యంగా ఉన్న బిళ్ళలో భక్షక కణాలు వీటిని చెత్తగా భావించి మింగేస్తాయి. బిళ్ళంతా ఇనుముతో నిండి నల్లగా కనబడుతుంది. క్యాన్సర్ చేరిన బిళ్ళలో భక్షక కణాలు ఉండవలసిన చోటును క్యాన్సర్ కణాలు ఆక్రమించి ఉంటాయి. అవి రేణువులను మింగవు. అందుచేత ఆ భాగం నల్లబడదు. నల్లబల్ల మీద సుద్దముక్కతో పెట్టిన చుక్కలాగా తెల్లగా మిగిలిపోతుంది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ఈ రేణువులు క్యాన్సర్‌ను వెతికి పట్టుకోవు. అవి చేరేది ఆరోగ్యంగా ఉన్న కణాల దగ్గరికే. ఎక్కడ ఆ కణాలు లేవో అక్కడ అనుమానించాలని వైద్యుడికి తెలుస్తుంది. కాలేయం విషయంలోనూ ఇదే సూత్రం పనిచేసింది. కాలేయంలో భక్షక కణాలు ఎక్కువ. క్యాన్సర్ గడ్డలో అవి ఉండవు. కాలేయంలోని గడ్డలను చూపడానికి ఇటువంటి ఇనుప రేణువుల మందుకు అమెరికాలో 1996లోనే అనుమతి లభించింది. తరువాతి కాలంలో దాని తయారీ ఆగిపోయింది.

2003లో వెలువడిన ఒక ముఖ్యమైన పరిశోధన

అమెరికాలోని బోస్టన్ నగరంలో ఉన్న మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్, నెదర్లాండ్స్ దేశంలోని నైమేఖెన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రి వైద్యులు కలిసి ఈ పద్ధతిని ప్రోస్టేట్ క్యాన్సర్ రోగులలో పరీక్షించారు. ముకేశ్ హరిసింఘానీ, యెలె బారెంట్స్, రాల్ఫ్ వైస్లెడర్ తదితరులు చేసిన ఈ పరిశోధన న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో 2003లో ప్రచురితమైంది.

ఇందులో 80 మంది రోగులు పాల్గొన్నారు. వారికి ముందు మామూలు ఎం.ఆర్.ఐ., తరువాత ఇనుప రేణువులు ఎక్కించి 24 గంటలకు మరో ఎం.ఆర్.ఐ. తీశారు. ఆ తరువాత ఆపరేషను ద్వారా గాని, సూదితో ముక్క తీసి గాని 334 బిళ్ళలను మైక్రోస్కోపు కింద పరీక్షించారు. స్కాన్ చెప్పింది నిజమా కాదా అని సరిచూసుకోవడానికి ఇదే సరైన మార్గం.

ఫలితాలు ఇలా ఉన్నాయి:

• 33 మంది రోగులలో, మొత్తం 63 బిళ్ళలలో క్యాన్సర్ ఉన్నట్టు తేలింది.
• ఆ 63 బిళ్ళలలో 45 బిళ్ళలు మామూలు కొలతల ప్రకారం చూస్తే అనుమానించదగినవి కావు. అంటే ప్రతి పదిలో ఏడు మామూలుగా కనబడేవే.
• క్యాన్సర్ ఉన్న బిళ్ళలను మామూలు ఎం.ఆర్.ఐ. 35.4 శాతం మాత్రమే గుర్తించింది. ఇనుప రేణువులతో తీసిన ఎం.ఆర్.ఐ. 90.5 శాతం గుర్తించింది.
• బిళ్ళలకు పాకిన 33 మందిని రేణువుల స్కాన్ ఒక్కరిని కూడా వదలకుండా గుర్తించింది.

యంత్రం అదే, రోగీ అదే. రేణువులు ఎక్కించిన తరువాత కనబడింది మాత్రం వేరు. బిళ్ళ చిన్నదైనంత మాత్రాన భయం లేనట్టు కాదని ఈ పరిశోధన స్పష్టంగా చూపింది.

మరి ఇది ప్రతి ఆసుపత్రికీ ఎందుకు రాలేదు?

ఇది న్యాయమైన ప్రశ్న. ఒక వ్యాధిలో, కొందరు నిపుణుల చేతుల్లో బాగా పనిచేసినది అన్ని వ్యాధుల్లో, అందరి చేతుల్లో అలాగే పనిచేస్తుందని చెప్పలేము. అనుమతి కోసం తయారీదారులు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థను కోరినప్పుడు, 2005లో ఆ సంస్థ సలహా సంఘం అన్ని రకాల క్యాన్సర్లకు దీనిని వాడటానికి ఆధారాలు చాలవని అభిప్రాయపడింది. ఐరోపాలో పెట్టిన దరఖాస్తును 2007లో తయారీదారులే వెనక్కి తీసుకున్నారు. తరువాత నైమేఖెన్ వైద్యులు దీనిని మళ్ళీ తయారు చేయించి తమ రోగుల పరీక్షలలో వాడారు.

ఈ పద్ధతికి పరిమితులు కూడా ఉన్నాయి. 2 మిల్లీమీటర్లకంటే చిన్న క్యాన్సర్ మచ్చలను ఇది వదిలివేయవచ్చు. బిళ్ళలో కొవ్వు గాని, పాత మచ్చ గాని ఉంటే అక్కడా రేణువులు చేరవు గనుక క్యాన్సర్ లాగా తెల్లగా కనబడవచ్చు. కాబట్టి చదివే వైద్యుడికి మంచి అనుభవం కావాలి.

ఈ మధ్యకాలంలో వేరే దారి కూడా తెరుచుకుంది. ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల మీద ఉండే ఒక ప్రోటీనుకు అతుక్కునే మందుతో చేసే పి.ఎస్.ఎం.ఎ. పెట్ స్కాన్ అది. ఆస్ట్రేలియాలో 302 మంది పురుషులపై చేసిన పరిశోధన 2020లో వెలువడింది. వ్యాధి పాకిందా లేదా అని సరిగ్గా చెప్పడంలో ఈ స్కాన్ 92 శాతం, సి.టి., ఎముకల స్కాన్ కలిపి 65 శాతం కచ్చితంగా ఉన్నట్టు అందులో తేలింది. ఈ మందు నానో రేణువు కాదు, మామూలు చిన్న అణువే. హైదరాబాదు వంటి పెద్ద నగరాలలో ఈ పరీక్ష దొరుకుతోంది. కాబట్టి "నానో" అన్న పేరు ఉన్నదే మంచి పరీక్ష అని అనుకోనవసరం లేదు.

మన రోగులకు అందుబాటులో ఉన్న నానో రేణువులు

ఈ పేరు వినకుండానే చాలామంది దీని ప్రయోజనం పొందారు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషనులో కాపలా బిళ్ళ పరీక్ష దీనికి మంచి ఉదాహరణ.

పూర్వం రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషను చేసేటప్పుడు చంకలోని బిళ్ళలన్నీ తీసివేసేవారు. దానివల్ల కొందరు స్త్రీలకు చేయి వాచిపోయేది. నీళ్ళ బిందె ఎత్తలేక, గాజులు పట్టక, కూలి పనికి వెళ్ళలేక వారు పడే బాధ చిన్నది కాదు. తీసిన బిళ్ళలన్నీ చాలామందిలో వ్యాధి లేనివే అని తరువాత తేలేది.

కణితి నుంచి వచ్చే లింఫు ముందుగా ఏ బిళ్ళకు చేరుతుందో ఆ ఒకటి రెండు బిళ్ళలను మాత్రం కనుగొని పరీక్షిస్తే చాలునని 1990లలో వైద్యులు చూపించారు. అవి శుభ్రంగా ఉంటే మిగిలిన వాటిని ముట్టుకోనవసరం లేదు. ఆ బిళ్ళను కనుగొనడానికి టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థం అంటించిన అతి సూక్ష్మ రేణువులను రొమ్ములోకి ఇంజెక్షను చేస్తారు. అవి లింఫులో ప్రయాణించి మొదటి బిళ్ళలో ఆగుతాయి. గామా కెమెరా ఆ చోటును చూపుతుంది. ఆపరేషను సమయంలో పెన్ను వంటి పరికరం ఆ బిళ్ళ దగ్గరికి రాగానే శబ్దం చేస్తుంది. రేణువులతో పాటు నీలి రంగు కూడా వాడుతుంటారు. కొన్నిచోట్ల రంగు మాత్రమే వాడతారు.

టెక్నీషియం శక్తి ప్రతి 6 గంటలకు సగానికి తగ్గుతుంది. ఒక రోజు గడిచేసరికి పదహారింట ఒక వంతే మిగులుతుంది. ఇచ్చే మోతాదు చాలా తక్కువ. రేడియోధార్మిక పదార్థం దొరకని ఆసుపత్రుల కోసం ఇనుప రేణువులతోనే ఈ బిళ్ళను కనుగొనే పద్ధతికి అమెరికాలో 2018లో అనుమతి వచ్చింది. అందులో ఇంజెక్షను చేసినచోట చర్మం మీద గోధుమరంగు మచ్చ కొంతకాలం ఉండిపోవచ్చు. తరువాత అక్కడ ఎం.ఆర్.ఐ. తీస్తే బొమ్మ చెడవచ్చు కూడా. కాబట్టి ఆ సంగతి రోగి రికార్డులో తప్పక రాయించుకోవాలి.

కాపలా బిళ్ళ పరీక్ష అందరికీ కాదు. చంకలో ఇప్పటికే వ్యాధి ఉన్న బిళ్ళలు చేతికి తగులుతూ ఉంటే ఇది సాధారణంగా పనికిరాదు. కణితి చిన్నగా ఉన్నప్పుడే వచ్చినవారికి ఈ మేలు ఎక్కువగా దక్కుతుంది.

పరిశోధనలో ఉన్న మరికొన్ని రేణువులు

బంగారం: బంగారు రేణువులు ఎక్స్‌రేలను బాగా అడ్డుకుంటాయి గనుక సి.టి. స్కాన్‌లో తెల్లగా కనబడతాయి. 2006లో ఎలుకలలో దీనిని చూపించారు. మనుషుల స్కానింగులో మామూలు వాడుకలోకి ఇది రాలేదు.

సిలికా: ఇసుకలో ఉండే పదార్థమే ఇది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో సుమారు 7 నానోమీటర్ల సిలికా రేణువులను తయారు చేశారు. మనుషులలో పరీక్షించడానికి 2011లో అనుమతి వచ్చింది. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ఉన్న ఐదుగురిలో వాడి చూసిన ఫలితాలు 2014లో వెలువడ్డాయి. రేణువులు బాగా చిన్నవి గనుక మూత్రంలో బయటికి పోయాయి.

క్వాంటం డాట్లు: ఇవి రంగురంగుల కాంతినిచ్చే రేణువులు. చాలావాటిలో కాడ్మియం అనే విషలోహం ఉంటుంది. అందుచేత ప్రయోగశాలలో ఎంత అందంగా కనబడినా రోగికి ఎక్కించడానికి వెనుకాడుతున్నారు.

"రేణువులు నేరుగా కణితికే వెళతాయి" అని కొన్ని వార్తల్లో చదువుతుంటాం. కెనడాలోని టొరంటో శాస్త్రవేత్తలు అంతకు ముందు పదేళ్ళ పరిశోధనలను పరిశీలించి 2016లో ఒక లెక్క ప్రచురించారు. జంతువులలో ఎక్కించిన నానో రేణువులలో కణితికి చేరినవి, మధ్యస్థంగా చూస్తే, 0.7 శాతం మాత్రమే. మిగిలినవాటిలో చాలా భాగం కాలేయం, ప్లీహం వంటి అవయవాలకు చేరుతుంది. ఈ రంగంలో ఇంకా ఎంత పని మిగిలి ఉందో దీనిని బట్టి తెలుస్తుంది.

ఇవి శరీరానికి సురక్షితమేనా?

2003 పరిశోధనలో ఒక కిలో బరువుకు 2.6 మిల్లీగ్రాముల ఇనుము చొప్పున ఇచ్చారు. 60 కిలోల మనిషికి ఇది 156 మిల్లీగ్రాములు. పెద్దవారి శరీరంలో సహజంగానే 3 నుంచి 4 గ్రాముల ఇనుము ఉంటుంది. ఇచ్చిన ఇనుమును శరీరం క్రమంగా విడగొట్టి, రక్తం తయారీకి వాడుకుంటుంది.

అలాగని ఏ ప్రమాదమూ లేదని కాదు. నరంలోకి ఎక్కించే ఇనుము కొందరిలో తీవ్రమైన అలర్జీ కలిగించవచ్చు. మూత్రపిండాల జబ్బులో వచ్చే రక్తహీనతకు అమెరికాలో 2009లో అనుమతి పొందిన ఫెరుమాక్సిటాల్ అనే ఇనుప నానో మందు విషయంలో, ప్రాణాపాయమైన అలర్జీలు కనబడినందున 2015లో అక్కడి నియంత్రణ సంస్థ హెచ్చరికను మరింత కఠినం చేసింది. దానిని నెమ్మదిగా ఎక్కించి, తరువాత కనీసం అరగంట రోగిని గమనించాలి. గాడోలినియం అనే మామూలు రంగు మందు పనికిరాని మూత్రపిండాల రోగులకు కొన్ని విదేశీ ఆసుపత్రులలో ఎం.ఆర్.ఐ. కోసం ఈ ఇనుప మందునే వాడారు.

మీరు తరచుగా అడిగే ప్రశ్నలు

ప్ర: నానో స్కాన్ ఎక్కడ చేస్తారో చెప్పండి. ఎంత ఖర్చయినా పెడతాం.
జ: "నానో స్కాన్" అని విడిగా ఒక పరీక్ష లేదు. ఎం.ఆర్.ఐ., గామా కెమెరా వంటి యంత్రాలలో వాడే మందు మాత్రమే నానో రేణువులతో తయారవుతుంది. ఏ పరీక్ష అవసరమో మీ జబ్బును బట్టి వైద్యులు చెబుతారు. ఆ పేరు చూసి అప్పు చేసి పరుగెత్తవద్దు.

ప్ర: రంగు మందు ఎక్కిస్తే కిడ్నీలు పాడవుతాయంటారు. నిజమేనా?
జ: మూత్రపిండాలు బాగా ఉన్నవారిలో ఆ భయం చాలా తక్కువ. అవి ముందే దెబ్బతిని ఉన్నవారికి జాగ్రత్త అవసరం. అందుకే స్కాన్‌కు ముందు క్రియాటినిన్ రక్తపరీక్ష చేయిస్తాము. గాడోలినియం మందు వల్ల తీవ్రమైన మూత్రపిండాల జబ్బు ఉన్న కొందరికి చర్మం బిగుసుకుపోయే వ్యాధి వస్తున్నట్టు 2006లో గుర్తించారు. అప్పటి నుంచి అటువంటివారికి ప్రమాదం తక్కువగా ఉండే రకాలనే ఎంచుకుంటున్నారు.

ప్ర: స్కాన్‌లో తేలిన తరువాత మళ్ళీ ముక్క పరీక్ష ఎందుకు? సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందని అంటారు కదా?
జ: ఈ భయంతోనే చాలామంది విలువైన నెలలు పోగొట్టుకుంటున్నారు. సరైన పద్ధతిలో చేసిన బయాప్సీ వల్ల అలా జరగడం చాలా అరుదు. ఎంత మంచి స్కాన్ అయినా నీడనే చూపుతుంది. అది క్యాన్సరా, క్షయా అని తేల్చేది మైక్రోస్కోపు పరీక్షే. 2003 పరిశోధనలో కూడా స్కాన్ సరైనదో కాదో తేల్చింది ఈ పరీక్షే.

ప్ర: క్యాన్సర్‌ను కరిగించే నానో గోళీలు, నానో నీళ్ళు అమ్ముతున్నారు. వాడవచ్చా?
జ: వాడవద్దు. మేము ఈ వ్యాసంలో చెప్పిన రేణువులు ఆసుపత్రిలో, లెక్క ప్రకారం, వైద్యుల పర్యవేక్షణలో ఇచ్చేవి. అవి కూడా జబ్బును చూపడానికే గాని కరిగించడానికి కాదు.

స్కాన్‌కు వెళ్ళేముందు మరచిపోవద్దు

• ఉబ్బసం ఉన్నా, ఇంతకు ముందు ఏ ఇంజెక్షను వల్లనైనా దద్దుర్లు, ఆయాసం వచ్చినా ముందుగా చెప్పండి.
• షుగరు, బి.పి., మూత్రపిండాల జబ్బు ఉంటే వాడుతున్న మందుల చీటీ వెంట తెచ్చుకోండి.
• గర్భం ఉన్నా, బిడ్డకు పాలిస్తున్నా సిగ్గుపడకుండా తెలియజేయండి.
• గుండెకు పేస్‌మేకర్, శరీరంలో రాడ్లు, క్లిప్పులు ఉంటే ఎం.ఆర్.ఐ. గదిలోకి వెళ్ళకముందే చెప్పాలి. మంగళసూత్రం, గొలుసులు, గాజులు, పిన్నీసులు తీసి ఇంటివారికి ఇవ్వండి.
• ఇనుము ఇంజెక్షన్లు ఈమధ్య తీసుకుని ఉంటే ఆ తేదీ చెప్పండి. కొన్ని ఇనుప మందులు ఎం.ఆర్.ఐ. బొమ్మను మార్చవచ్చు.
• పాత స్కాన్ ఫిల్ములు, సి.డి.లు, బయాప్సీ రిపోర్టులు పారేయవద్దు. పాతదానితో పోల్చి చూస్తేనే కొత్తదానికి అర్థం తెలుస్తుంది.
• రిపోర్టులో "బిళ్ళలు మామూలుగా ఉన్నాయి" అని రాసి ఉంటే, మరే పరీక్షైనా అవసరమా అని మీ వైద్యుని అడగండి. అడగడం మీ హక్కు.

నోటిలో మూడు వారాలైనా మానని పుండు, రొమ్ములో గడ్డ, మెడలో తగ్గని బిళ్ళ, నెలసరి ఆగిపోయిన తరువాత రక్తస్రావం, మూత్రంలో రక్తం కనబడితే నాటు మందులతో కాలం గడపకండి. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఉంటే వెంట తెచ్చుకోండి. ఖర్చు గురించి భయపడి ఆగిపోకుండా ముందు వచ్చి అడగండి. కణితి చిన్నగా, ఒక్కచోటే ఉన్నప్పుడు వస్తే, ఇప్పుడు మన దగ్గర ఉన్న పరీక్షలతోనే చాలామందికి మేలు చేయగలుగుతాము. ఈ వ్యాసం చదివిన తరువాత మీకు ఇంకా సందేహాలు ఉంటే వార్డులోని నర్సమ్మను గాని, ఓ.పి.లోని డాక్టరును గాని అడగండి. ఇంట్లో చదువురాని పెద్దలకు దీనిని చదివి వినిపించండి.